ఫ్యూజు లేని తీగ నిప్పు: పికప్పు యజమానులకు హెచ్చరిక

చైత్రం వస్తే చంద్రపూర్ మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచి, ఆదిలాబాద్ వైపు నుంచి జనం బండ్లు కట్టుకుని వస్తారు. అప్పటికే పికప్పుల ముస్తాబు మొదలవుతుంది. రాజురా రోడ్డు పక్కన ఒక బండి డాలా చుట్టూ ఎల్‌ఈడీ మార్కర్ లైట్లు పెడుతుంటే నిలబడి చూశాను. బ్యాటరీ ప్లస్ టర్మినల్ నట్టు వదులు చేసి, దారప్పోగులాంటి తీగ కొనను పళ్లతో ఒలిచి, టర్మినల్‌కు చుట్టి నట్టు బిగించారు. ఆ తీగ ఇంజిన్ పక్కగా, చాసిస్ మీదుగా పోయి డాలా రేకుకు కొట్టిన రంధ్రంలో దూరింది. దారిలో ఎక్కడా ఫ్యూజు లేదు. అడిగితే, ‘‘గీ ఎల్‌ఈడీలు ఎంత కరెంటు తింటయన్నా? ఏం గాదు’’ అన్నాడు పని చేస్తున్న కుర్రాడు.

తినేది తక్కువే, నిజం. చిన్న మార్కర్ లైటు ఒకటి రమారమి ఒక వాటు. పన్నెండు వోల్టుల బండి మీద పది లైట్లు కలిపినా ఒక ఆంపియరు దాటదు. కానీ రంధ్రం అంచు ఒరుసుకుని తీగ తోలు తెగిన రోజున లైట్ల లెక్కతో పనిలేదు, బ్యాటరీ ఎంత ఇవ్వగలదన్నదే లెక్క. ఇంజిన్‌ను తిప్పి లేపే బ్యాటరీ అది. షార్టయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా తోస్తుంది. అంత కరెంటుకు ఆ సన్న తీగ హీటరు కాయిల్‌లా ఎర్రబడుతుంది. పక్కనే డీజిల్ పైపు ఉంటుంది, ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. తాళం తీసినా ఆగదు, ఎందుకంటే డైరెక్టు తీగకు తాళంతో సంబంధం లేదు. ఇంటి ముందు ఆపి ఉంచిన బండి కూడా అంటుకోవచ్చు.

ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికని చాలామంది అనుకుంటారు. కాదు, అది తీగను కాపాడుతుంది. అందుకే దాన్ని లైటు దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే పెట్టాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగను కాపాడేది ఏదీ లేదు మరి. ఒక ఆంపియరు లోడుకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు, ఊదా రంగులో ఉంటుంది. అది మాటిమాటికీ పోతోందని పసుపు రంగు 20 ఆంపియర్లది పెట్టడమో, రాగితీగ చుట్టడమో చేస్తే ఫ్యూజు లేనట్టే. ఫ్యూజూ హోల్డరూ కలిపి రెండుమూడు మార్ల టీ, టిఫిను ఖర్చు. దానికి వెనకాడి లక్షల బండిని, అందులో పడుకునే క్లీనరును పణంగా పెడుతున్నాం.

మన దగ్గర ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. మేలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే, బానెట్ కింద వేడి ఎంతో చెప్పక్కర్లేదు. మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకు ఒక్క ఎండాకాలానికే జిగురు కారి ఊడుతుంది. ఘుగ్గుస్, బల్లార్‌పూర్ గనుల దారుల్లో తిరిగే బండ్లలో తీగల చుట్ట మీద బొగ్గు ధూళి మందంగా పేరుకుంటుంది. బొగ్గు పొడి కాలే సరుకు. తొలకరి పడగానే టేపు ఊడిన అతుకులోకి నీళ్లు దిగుతాయి.

బ్యాటరీ జోలికి పోకుండా వెనక లైటు తీగకే గిల్లి కలిపేవాళ్లూ ఉన్నారు. కొత్త తీగ షార్టయితే అక్కడ ఫ్యూజు పోతుంది, నిప్పు పుట్టదు. కానీ దాంతోపాటు బండి వెనకభాగం చీకటవుతుంది. డ్రైవరుకు తెలియదు, వెనక వస్తున్న బొగ్గు లారీకి కనపడదు. అందుకే పార్కింగ్ లైటు తీగతో రిలే పనిచేయించి, మార్కర్లకు కరెంటు మాత్రం ఫ్యూజు గుండా వచ్చే వేరే తీగ నుంచి ఇవ్వాలి. రేకు రంధ్రానికి రబ్బరు గ్రోమెట్, తీగకు ముడతల గొట్టం తప్పనిసరి.

లైట్లు వద్దని అనడం లేదు. రాత్రి రోడ్డు పక్కన ఆగిన బండి కనపడాల్సిందే. అయితే ముందు మెరిసే రిఫ్లెక్టర్ టేపు అంటించండి, దానికి తీగే అక్కర్లేదు. ముందువైపు ఎర్ర లైటు చూపడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

2022 మే 19 రాత్రి మూల్ రోడ్డులో అజయ్‌పూర్ దగ్గర ట్యాంకరూ కలప లారీ ఢీకొని తొమ్మిది మంది కాలిపోయారు. అది వైరింగు తప్పు కాదు, ఢీకొనడం. కానీ రోడ్డు మీద మంట లేస్తే మనిషికి ఎంత తక్కువ వ్యవధి ఉంటుందో ఈ జిల్లా ఆ రాత్రి చూసింది.

ఈ రాత్రే బానెట్ ఎత్తండి. ప్లస్ టర్మినల్ మీద కంపెనీది కాని తీగ ఉంటే వేలు పెట్టి వెంబడించండి. జానెడు లోపు ఫ్యూజు కనపడకపోతే ముందు మైనస్ టర్మినల్ విప్పి, ఆ తర్వాత ఆ తీగ తీసేయండి. ఫ్యూజు ఉంటే లైట్లు అరగంట వెలిగించి అతుకులు తాకి చూడండి. వెచ్చగా తగిలిన అతుకును విప్పి మళ్లీ వేయించండి. టర్మినల్ నట్టుకు సరిపోయే పానా సీటు కిందే ఉంచుకోండి. నడుస్తుండగా కాలిన వాసన వస్తే ఆపి, అందరినీ దించి, పొగ మాత్రమే ఉంటే మైనస్ ఊడదీయండి. మంట కనపడితే బానెట్ ఎత్తకండి, గాలి తగిలి ఎగసిపడుతుంది. దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి.