రక్షక కణాలే వెన్నుపామును గాయపరిస్తే

నడక మెల్లమెల్లగా బరువెక్కుతుంది. మెట్లెక్కుతుంటే కాళ్లు బిగుసుకుంటాయి. నడుము నొప్పి వదలదు, మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. వయసు మీద పడిందనో, వాతమనో ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. ఇలా మొదలయ్యే వ్యాధులలో ఒకదానికి కారణం, శరీరంలో దశాబ్దాల తరబడి దాగి ఉండే వైరస్. దాని పేరు హెచ్‌టీఎల్‌వీ-1.

మానవులలో గుర్తించిన తొలి రెట్రోవైరస్ ఇదే. 1980లో అమెరికాలోని రాబర్ట్ గాలో బృందం దీనిని వెల్లడించింది. 1985లో కరీబియన్ దీవి మార్టినిక్‌లో, కాళ్లు బిగుసుకుపోయే పక్షవాతం ఉన్న రోగులలో సగానికి పైగా మంది రక్తంలో ఈ వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. మరుసటి ఏడాది జపాన్‌లోని కగోషిమా వైద్యులూ ఇదే సంగతి చెప్పారు. నైరుతి జపాన్, కరీబియన్ దీవులు, బ్రెజిల్, మధ్య ఆస్ట్రేలియాలోని ఆదివాసులు, ఇరాన్‌లోని మష్హద్ పరిసరాలలో ఈ వైరస్ ఎక్కువ. మన దేశంలో అరుదు.

ఈ వైరస్ ప్రధానంగా సీడీ4 టి-కణాలలో స్థిరపడుతుంది. ఇవి మన రక్షణ వ్యవస్థకు ఆదేశాలిచ్చే కణాలు. హెచ్‌ఐవీ ఈ కణాలను నశింపజేస్తుంది. హెచ్‌టీఎల్‌వీ మాత్రం వాటిని పెంచి పోషిస్తుంది. తన జన్యువులను కణంలోని డీఎన్‌ఏలో కలిపేస్తుంది కనుక, కణం విభజన చెందిన ప్రతిసారీ వైరస్ కూడా దానితోపాటే వృద్ధి చెందుతుంది.

శత్రువును గుర్తించిన సీడీ8 కణాలు పెద్ద సంఖ్యలో పోరుకు సిద్ధమవుతాయి. సాధారణంగా ఆ పోరు హద్దు మీరకుండా చూసేందుకు కొన్ని నియంత్రణ కణాలుంటాయి. రోగులలో వైరస్ సోకిన నియంత్రణ కణాలు కొన్ని తమ పనిని విడిచి, ఇంటర్‌ఫెరాన్-గామా అనే వాపు కలిగించే పదార్థాన్ని విడుదల చేస్తున్నట్టు పరిశోధకులు గమనించారు. ఈ కణాలు వెన్నుపాములోకి, ముఖ్యంగా ఛాతీ భాగంలోకి చేరినప్పుడు, అక్కడి సహాయక కణాలు స్పందించి మరిన్ని టి-కణాలను పిలుస్తాయి. అలా వాపు తనను తానే పెంచుకుంటూ పోతుంది. పోరు వైరస్ మీదే అయినా, దెబ్బ పక్కనున్న నాడీ తంతువులకు తగులుతుంది. ఒకసారి దెబ్బతిన్న నాడులు తిరిగి కోలుకోవడం కష్టం.

అయితే వైరస్ ఉన్న వారందరికీ ఈ వ్యాధి రాదు. నూటికి తొంభై అయిదు మందికి పైగా జీవితాంతం నాడీ సంబంధమైన ఇబ్బంది లేకుండానే ఉంటారు. వ్యాధి వచ్చే వారిలో స్త్రీలు ఎక్కువ. వైరస్‌ను పూర్తిగా తొలగించే మందు గానీ, టీకా గానీ లేవు. స్టెరాయిడ్లు వాపును కొంత తగ్గిస్తాయి. వ్యాయామ చికిత్స, మూత్రకోశ సంరక్షణ రోగి జీవితాన్ని తేలికపరుస్తాయి.

అందుకే నివారణకు అంత ప్రాధాన్యం. రక్తం, లైంగిక సంబంధాలతో పాటు తల్లిపాల ద్వారా కూడా ఇది బిడ్డకు చేరుతుంది. పాలలోని టి-కణాలే వాహకాలు. జపాన్‌లోని నాగసాకిలో 1987 నుంచి గర్భిణులను పరీక్షించి, వైరస్ ఉన్న తల్లులకు పాలివ్వడం మానుకోమని సలహా ఇచ్చారు. పాలు తాగిన బిడ్డలలో సుమారు 20 శాతానికి సోకుతుండగా, తాగని వారిలో అది 2 లేక 3 శాతానికి పరిమితమైంది.

తల్లి హృదయానికి ఇది చిన్న త్యాగం కాదు. ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 233వ ఆయత్‌లో పూర్తి రెండేళ్లు పాలిచ్చే ప్రస్తావన ఉంది. అయితే అదే ఆయత్ తల్లిదండ్రులు పరస్పర సంప్రదింపుతో పాలు మాన్పించడానికీ, మరొకరి చేత పాలిప్పించడానికీ వీలు కల్పించింది. కనుక వైద్య కారణంతో పాలు మానిన తల్లిని నిందించడం తగదు. అదే సమయంలో, వైరస్ లేని తల్లులు భయపడి పాలు మాన్పించడం బిడ్డకు నష్టమే. పరీక్షలో నిర్ధారణ అయిన తరువాతే, వైద్యుని సలహాతోనే నిర్ణయం తీసుకోవాలి.

నడకలో మార్పు వస్తే వయసు పేరు చెప్పి ఊరుకోకండి. ఇంటి పెద్దలను నాడీ వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. కారణం ఏదైనా, త్వరగా తెలిస్తేనే మిగిలిన నడకను కాపాడుకోగలం.