వ్రాతయా, చేతయా?

ఈ మాసము మన పురాణగ్రంథములను కొంచెము ప్రక్క నుంచి, ప్రాచీన యవనుల విషాదనాటకములను పరికింతము. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున ఏథెన్సు నగరమునందు, కోటగుట్ట దక్షిణపు వాలున, దియోనీససు అను దేవుని యుత్సవములలో ఈ నాటకములు పట్టపగలు ఆరుబయట ప్రదర్శింపబడుచుండెను. రాణియైనను, కన్యయైనను, దాదియైనను వేషము కట్టువారు మగవారే. కూచిపూడి భాగవతుల సత్యభామ నెరిగిన మనకిది వింత గాదు. కథలును చూడవచ్చినవారు ముందే యెరిగినవే. తెలిసిన కథకు కంట తడి పెట్టుట మనకు మాత్రము క్రొత్తయా?

వానిలో మిక్కిలి పేరు గన్నది సోఫొక్లీసు కవి రచించిన ఈడిపసు రాజు కథ. అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున పలుమారు దీనిని మెచ్చుచు నుదాహరించెను. ఈ కథ విన్నవారిలో పెక్కండ్రు "పాపము, వాని తలవ్రాత! వాడేమి చేయగలడు?" అందురు. మాకట్లు తోచదు. ఏల తోచదో చెప్పుదుము.

థీబ్సు రాజగు లాయసునకు, తనకు పుట్టు కొడుకుచేతనే చత్తువని అపోలో దేవుని వాక్కు కలిగెను. శిశువు పుట్టి మూడుదినములైన నిండకమునుపే చీలమండలు గ్రుచ్చి, కితైరాను కొండపై పారవేయ నాజ్ఞ యయ్యెను. గొఱ్ఱెలకాపరి జాలిగొని ఆ పసికందును కొరింతునుండి వచ్చిన వేరొక కాపరి కిచ్చెను. కొరింతు రాజదంపతులు పెంచుకొనిరి. పెరిగి పెద్దవాడైన పిమ్మట, ఒక విందులో త్రాగి మైమరచినవాడొకడు "నీవు నీ తండ్రికి పుట్టినవాడవు కావు" అనగా విని, డెల్ఫీ క్షేత్రమునకు పోయి యడిగెను. అడిగినదానికి దేవుడు బదులీయలేదు. తండ్రిని చంపుదువు, తల్లిని పెండ్లాడుదువు అని మాత్రము చెప్పెను. ఆ పాపము తప్పించుకొనుటకై కొరింతునకు మరల పోనని నిశ్చయించుకొని వేరుదారి పట్టెను. మూడు బాటలు కలియుచోట బండిపై వచ్చు వృద్ధుడు కొట్టగా, తిరిగి కొట్టి చంపెను. స్ఫింక్సు పొడుపుకథ విప్పి థీబ్సును రక్షించి, భర్తను గోల్పోయిన రాణిని పెండ్లాడెను. దేవకి బిడ్డలను చంపిన కంసుని, ఒంటిస్తంభపు మేడలో దాగిన పరీక్షిత్తును తలచుకొన్నచో ఇంతవరకు మన మెరిగిన త్రోవయే.

కాని యొక సంగతి గమనింపుడు. ఈ హత్యయు, ఈ వివాహమును నాటకము మొదలగుటకు ఎన్నియో యేండ్ల ముందే జరిగిపోయినవి. రంగముపై మనము చూచునది ఆరా తీయుట మాత్రమే. ఊరిలో మహామారి చెలరేగెను. లాయసు హంతకుని వెడలగొట్టనిదే యది తొలగదని వాక్కు వచ్చెను. ఈడిపసు వెదకుటకు పూనుకొనెను. అంధుడగు టైరీషియసు జోస్యుడు తన్ను ఇంటికి పోనిమ్మని వేడెను. రాణి జొకాస్టా, నిజము తనకు ముందుగా తట్టగనే, ఇక నడుగవలదని బ్రతిమాలెను. ముసలికాపరి నోరు విప్పనని మొండికెత్తెను. హంతకుని వెదకుమన్న దేవుడు, నీ పుట్టుక నడుగుమని చెప్పలేదు. అడిగినవాడు ఈడిపసే. వినబోవునది ఘోరమని తెలిసియు, వినక తీరదని కాపరిని నిలదీసెను.

ఇచ్చట జొకాస్టానుగూర్చి యొకమాట. బిడ్డను భర్త యితరులచేత పారవేయించెనని ఆమె మొదట చెప్పును. కడపట కాపరియో, ఆ బిడ్డను తన చేతికిచ్చినది రాణియే యనును. కవి ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచక, నడుమ చాల దూరము విడిచినాడు. తల్లియైనవారు ఆ దూరమును సులభముగనే కొలువగలరు.

రాణి యురిపోసికొనెను. ఈడిపసు ఆమె వస్త్రమునకున్న బంగారు సూదులను తీసి తన కన్నులను పొడుచుకొనెను. ఏ దేవుడు నిన్ను ప్రేరేపించెనని పురవృద్ధులు ప్రశ్నింపగా, ఈ బాధలన్నియు తెచ్చినది అపోలోయే గాని, కన్నులను పొడిచిన చేయి తనదే, వేరెవ్వరిదియు గాదని బదులు చెప్పెను. దైవమునకు దైవము వంతు, తనకు తన వంతు! ఇంతటి దుఃఖమునందును లెక్క తప్పలేదు.

కొందరు సోదరీమణులు "అట్లయిన దైవవాక్కు కల్లయా?" అని యడుగవచ్చును. కాదు, ఆ నాటకమున వాక్కంతయు నిజమయ్యెను. ఆ కవులు విధిని కొట్టివేయలేదు, మనుష్యుని చేతను కొట్టివేయలేదు. క్రీస్తుపూర్వము 458లో ప్రదర్శింపబడిన ఈస్కిలసు కవి నాటకమున అగమెమ్నాను రాజు ఓడలు ఎదురుగాలికి ఆలిసు రేవున చిక్కుకొనెను. కన్నకూతురగు ఇఫిజనీయాను బలియిచ్చిననే దేవత శాంతించునని జోస్యుడు పలికెను. వాక్కు మీరుటయు కష్టమే, బిడ్డను చంపుటయు కష్టమే యని రాజు కొంతసేపు విలపించెను. పిదప, తప్పనిసరియను కాడిని తానే మెడకు తగిలించుకొనెనని కవి చెప్పినాడు. ఎద్దు మెడపై కాడిని ఇతరులు వేయుదురు. ఇతడో, తన మెడను తానే దూర్చెను. అటుపిమ్మట జంకు లేకపోయెను.

ఈ ఘట్టమును చదువునపుడెల్ల మాకు మా వీథిలోని యొక బాలిక తలపునకు వచ్చును. లెక్కలలో తరగతికెల్ల మొదటిది. తమ్ముని చదువునకే డబ్బు చాలదని దాని చదువు మాన్పించిరి. అడిగినవారికెల్ల "దాని నొసట నంతే వ్రాసియున్నది" అని తండ్రి చెప్పుచుండెను, తల్లియు నదే మాట. ఆ నొసటి వ్రాతను చదివినవారెవ్వరును లేరు. బడినుండి పేరు తీసివేయుమని యిచ్చిన కాగితముమీది వ్రాత మాత్రము తండ్రిదే. దానిని ఎవరైనను చదువవచ్చును.

సోఫొక్లీసు రచించిన వేరొక నాటకమున, రాజాజ్ఞ మీరి అన్న శవముపై మట్టి చల్లిన ఆంటిగొనీని, క్రియాను రాజు గుహలో సజీవముగా మూయించెను. జోస్యుని మాటకు భయపడి కడకు మనసు మార్చుకొనెను. ముందు కన్యను విడిపింపుము, పిదప శవమునకు సమాధి కట్టుము అని వృద్ధులు వరుస చెప్పియే పంపిరి. రాజు ముందు శవసంస్కారమునకు పోయెను. అది ముగించి గుహకు చేరునప్పటికి ఆమె యురిపోసికొనియుండెను; ఆమెను వరించిన రాజకుమారుడు కత్తితో పొడుచుకొనెను. వార్త విన్న రాణి యొక్కమాటైన నాడక లోనికి పోయి ప్రాణములు విడిచెను.

ఆంటిగొనీ తోబుట్టువగు ఇస్మీనీ, మొదట వెనుదీసి పిదప తానును శిక్షలో పాలుగొందునని వచ్చిన పిల్ల. ఆమెనుగూర్చి వచ్చు మాసమున ముచ్చటింతుము.