మేరీ జీతం ఎంత?

1970 సెప్టెంబరులో అమెరికాలో సీబీఎస్ చానల్లో మొదలైన 'ద మేరీ టైలర్ మూర్ షో' తొలి ఎపిసోడ్‌లో ఒక ఇంటర్వ్యూ ఉంది. మినియాపొలిస్‌లోని ఓ చిన్న టీవీ స్టేషన్‌కి ముప్పై ఏళ్ల మేరీ రిచర్డ్స్ సెక్రటరీ ఉద్యోగం కోసం వస్తుంది. న్యూస్ విభాగం పెద్ద లూ గ్రాంట్ ఆమె మతమేమిటని అడుగుతాడు. ఉద్యోగానికొచ్చిన వాళ్లని అలా అడగడం చట్టానికి విరుద్ధమని బెరుకుగానే గుర్తు చేస్తుంది. పోలీసుల్ని పిలుస్తావా మరి, అంటాడాయన. పోనీ పెళ్లయిందా అని అడిగితే, దానికి బదులివ్వకుండా ఇందాకటి ప్రశ్నకు జవాబిస్తుంది: ప్రెస్బిటేరియన్ అని. సెక్రటరీ ఉద్యోగం అప్పటికే ఎవరికో ఇచ్చేశారట. అసోసియేట్ ప్రొడ్యూసర్ ఖాళీ ఉంది. హోదా పెద్దదే కానీ జీతం వారానికి 10 డాలర్లు తక్కువ. 15 తగ్గించుకుంటే ఏకంగా ప్రొడ్యూసర్నే చేస్తానంటాడు లూ. తనకంత స్తోమత లేదంటుంది మేరీ.

అప్పటికి నెల కూడా కాలేదు, ఆగస్టు 26న న్యూయార్క్ వీధుల్లో వేలాది మంది స్త్రీలు సమానత్వం కోసం ఊరేగారు. వాళ్ల పక్కన పెడితే మేరీ మరీ మెతక. ఆఫీసులో మిగతా వాళ్లంతా 'లూ' అని పిలిచే మనిషిని ఈమె మాత్రం ఏడేళ్లూ 'మిస్టర్ గ్రాంట్' అనే పిలిచింది. స్నేహితురాలు రోడాకున్న నోరు ఈమెకు లేదు. ఎవరినైనా నొప్పించాల్సి వస్తే గొంతు వణుకుతుంది. ఇలాంటి మనిషి స్త్రీవాదానికి ఆదర్శమేమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు.

నా మటుకు నాకు ఆ మొహమాటమే ఆమె బలం అనిపిస్తుంది. 1972లో వచ్చిన ఒక ఎపిసోడ్ చూడండి. తనకన్నా ముందు అదే కుర్చీలో కూర్చున్న మగాడికి వారానికి 50 డాలర్లు ఎక్కువ ఇచ్చేవారని మేరీకి తెలుస్తుంది. ఎందుకని అడిగితే, అతను మగవాడు, పోషించాల్సిన సంసారం ఉంది, అంటాడు లూ, అందులో తప్పేముందన్నట్టు. మేరీ ఉపన్యాసం ఇవ్వదు. లెక్క అడుగుతుంది. అలాగైతే ముగ్గురు పిల్లల తండ్రికి ఇద్దరు పిల్లల తండ్రికన్నా ఎక్కువివ్వాలి కదా, బ్రహ్మచారికి అందరికన్నా తగ్గించాలి కదా, అంటుంది. లూ దగ్గర సమాధానం లేదు. సమాన వేతన చట్టం వచ్చి అప్పటికే తొమ్మిదేళ్లు. చట్టం గడప దాటి ఆఫీసు గదిలోకి రావాలంటే ఎవరో ఒకరు, చేతులు వణుకుతున్నా, ఆ లెక్క అడగాలి. ధైర్యవంతురాలు అడిగితే చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. మేరీలాంటిది అడిగితే, రేపు మనమూ అడగొచ్చనుకుంటారు.

ఈ పాత్ర తేలిగ్గా పుట్టలేదు. ఆమెను విడాకులు తీసుకున్న స్త్రీగా చూపాలని రచయితలు జేమ్స్ బ్రూక్స్, ఆలన్ బర్న్స్ అనుకున్నారు. చానల్ ససేమిరా అంది. అంతకుముందు, మేరీగా నటించిన మేరీ టైలర్ మూర్ మరో సిట్‌కామ్‌లో డిక్ వాన్ డైక్‌కి భార్యగా వేసింది. ప్రేక్షకులు ఆమె అతన్నే వదిలేసిందనుకుంటారేమోనని భయం. (చాదస్తం మన సొంతమే అనుకుంటాం గానీ!) చివరికి పెళ్లి కుదిరి తప్పిపోయిన అమ్మాయిగా సర్దుకున్నారు. మరో సంగతి, రాసేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ట్రీవా సిల్వర్‌మన్‌కి 1974లో ఎమ్మీ వచ్చింది.

ఇక మన సంగతి. తెలుగు సీరియల్ కథానాయిక నగల విలువ తెలుస్తుంది, అత్తగారి ఆస్తి తెలుస్తుంది, ఏ కంపెనీకి ఎండీ అయిందో తెలుస్తుంది. జీతం ఎంతో ఎప్పుడైనా విన్నామా? 'కార్తీకదీపం'లో దీప వంట చేసి కూతుర్ని పెంచుకుంది. వంటలక్కని తెలుగిళ్లు నెత్తిన పెట్టుకున్నాయి. కానీ ఏళ్ల తరబడి కథను నడిపిన ప్రశ్న, భర్త డాక్టర్‌బాబు ఆమెను ఎప్పుడు నమ్ముతాడన్నదే. వంట ఆమె కష్టానికి గుర్తు. అందులో నెలకెంత మిగులుతోందన్నది కథకు అక్కర్లేకపోయింది. డబ్బు చుట్టూ కథ అల్లడం మనవాళ్లకు రాదా అంటే, భేషుగ్గా వచ్చు. 'అమృతం' సీరియల్లో ఒక హోటలు కష్టాలతో ఏళ్ల తరబడి నవ్వించారు. కాకపోతే ఆ హోటలు అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు మగవాళ్లది.

మన దేశంలోనూ సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. 'ఆయనకి సంసారం ఉందమ్మా' అన్న మాట విజయవాడ ప్రైవేటు స్కూల్లోనైనా హైదరాబాద్ ఆఫీసులోనైనా కొత్తది కాదు. ఆ మాట మీద ఒక అరగంట కామెడీ రాయొచ్చు. విలన్ అత్త అక్కర్లేదు, విషం కలిపిన పాలు అక్కర్లేదు. మేరీని ఉన్నదున్నట్టు దింపుకోమని కాదు. ఆమె తెల్లజాతి మధ్యతరగతి మనిషి, పిల్లల్లేరు, చూసుకోవాల్సిన ముసలి అత్తమామలు లేరు. మన మేరీకి ఇంటర్వ్యూకి ముందే ఇంట్లో మరో ఇంటర్వ్యూ ఉంటుంది.

1977 మార్చిలో ఆ షో ముగిసింది. చివరి ఎపిసోడ్‌లో కొత్త యాజమాన్యం వచ్చి అందరినీ ఉద్యోగాల్లోంచి తీసేస్తుంది, వార్తలు సరిగ్గా చదవడం రాని టెడ్ బాక్స్టర్‌ని తప్ప. మేరీకి ఉద్యోగం పోయింది, పెళ్లీ కాలేదు. శుభం కార్డుకి ముందు పందిరి వేయాలని మాత్రం రచయితలు అనుకోలేదు.