సీటు చిన్నదా? మనిషి పెద్దదా?

పోయిన ఏడాది మే నెలలో మా పెద్దమ్మని విమానం ఎక్కించే పని నా మీద పడింది. మాది తెనాలి. పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, ఢిల్లీలో ఉంటుంది. అక్కకి బాబు పుట్టాడు. రైల్లో అయితే ముప్పై గంటల దాకా పడుతుంది. పెద్దమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. థైరాయిడ్ ఉంది. బరువు 112 కిలోలు. "హైదరాబాద్ నుంచి విమానమైతే రెండుంపావు గంటలే పెద్దమ్మా, కాళ్ళకి శ్రమే ఉండదు" అని ఒప్పించింది నేనే, టికెట్ బుక్ చేసింది నేనే. సెలవులు కాబట్టి తోడు వెళ్ళింది కూడా నేనే.

బుక్ చేసేటప్పుడే యాప్‌లో వీల్‌చైర్ అని ఉన్న గడి టిక్ చేశాను. ఎయిర్‌పోర్టులో నలభై నిమిషాలు ఆగాక కుర్చీ వచ్చింది. గేటు దాకా బాగానే తీసుకెళ్ళారు. అక్కడ నుంచి బస్సు. బస్సు దిగితే ఎదురుగా మెట్లు.

"వీల్‌చైర్ పెట్టాం కదండీ, మళ్ళీ మెట్లేంటి?" అని అడిగాను.

"మీరు పెట్టింది ర్యాంపు వరకే సార్. మెట్లెక్కలేరని ముందే చెప్పాల్సింది."

తర్వాత తెలుసుకున్నాను. వీల్‌చైర్ అంటే ఒకటే రకం కాదట. విమానాల వాళ్ళ లెక్కలో మూడు కోడ్లు ఉన్నాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే దూరం నడవలేరు కానీ మెట్లెక్కగలరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి. నేను వాడిన యాప్‌లో మాత్రం గడి ఒక్కటే ఉంది. మోకాళ్ళు అరిగిన మనిషికి ఎస్ కావాలా ఆర్ కావాలా అని నన్నెవరూ అడగలేదు. అడగకుండానే ఆర్ వేసేశారు.

పెద్దమ్మ ఆ మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని. వెనక బస్సు నిండా జనం ఆగి చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ అందరూ చూశారు.

లోపల ఆవిడకి కిటికీ సీటు ఇచ్చాను, మేఘాలు చూస్తుందని. మధ్యలో నేను. నా పక్కన నడవ వైపు ఒకాయన. బెల్టు అందలేదు. ఎయిర్‌హోస్టెస్ మూడు వరసల అవతల నుంచే "ఎక్స్‌టెండర్ కావాలా మేడమ్?" అని గట్టిగా అడిగి, ఆ బెల్టు ముక్కని అందరికీ కనబడేలా పట్టుకొచ్చింది. పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు, హడావిడిలో ఉంది. మధ్యలో ఉన్న చేతికమ్మీ కిందికి దిగలేదు. పెద్దమ్మ నా మీదికి, నేను పక్కాయన మీదికి ఒరిగాం. ఆయన కాసేపు ఓపిక పట్టి, తర్వాత "నేనూ పూర్తి సీటుకే డబ్బులు కట్టాను" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూ ఉంటుంది. "కాస్త సర్దుకో పెద్దమ్మా" అన్నాను. అప్పటికే ఆవిడ కిటికీ గోడకి అతుక్కుపోయి కూర్చుని ఉంది. ఇంకెక్కడికి సర్దుకుంటుంది?

ఆ రోజు తెల్లారుజాము నుంచి ఆవిడ చుక్క నీళ్ళు తాగలేదట. విమానంలో బాత్రూమ్ ఇరుకు, మధ్యలో లేవాల్సొస్తే ఇద్దర్ని లేపాలి అని. ఆ విషయం రాత్రి అక్క చెబితేగానీ నాకు తెలియలేదు. తిరుగు ప్రయాణం రైల్లోనే చేసింది. బాబు మొదటి పుట్టినరోజుకి అక్క టికెట్లు పంపిస్తానంటే వద్దంది. వీడియో కాల్‌లో చూసింది.

ఈ సంగతి హాస్టల్లో చెబితే మా రూమ్మేట్ మొదట అడిగిన ప్రశ్న: "మామా, తప్పుగా అనుకోకు. బరువు తగ్గొచ్చు కదా?"

తగ్గొచ్చు. డాక్టరు చెప్పారు, ఆవిడా ప్రయత్నిస్తోంది. నడిస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితేగానీ నడవలేదు. ఈ చక్రంలో ఎంతోమంది అమ్మలున్నారు. కానీ ఎంత త్వరగా తగ్గినా ఆరింటి ఫ్లయిట్ లోపు తగ్గలేరు కదా. టికెట్ అమ్మిన రోజున మనిషి ఎలా ఉన్నారో అలాగే తీసుకెళ్ళి దింపుతామని చేసుకున్న ఒప్పందమే టికెట్. పైగా ఇది ఎవరో ఒకరిద్దరి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మంది మహిళలు అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో అది 36 శాతం, తెలంగాణలో 30 శాతం. వీళ్ళందరికీ సీటు పట్టదని కాదు. కానీ "అలాంటివాళ్ళు" అని మనం పక్కకి నెట్టేసే గుంపు మనింట్లోనే ఉందని మాత్రం అర్థమవుతుంది.

ఇప్పుడు సీటు సంగతి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటి వాటిలో ఎకానమీ సీటు వెడల్పు సుమారు 17 నుంచి 18 అంగుళాలు. నేను 64 కిలోలు. నా భుజాలే పక్కవాళ్ళకి తగులుతాయి. మనకి ఎర్గోనామిక్స్‌లో చెప్పే మొదటి పాఠం 5 నుంచి 95 పర్సంటైల్. అంటే మరీ చిన్నవాళ్ళు ఐదుగురినీ, మరీ పెద్దవాళ్ళు ఐదుగురినీ పక్కన పెట్టి మిగతా తొంభై మందికి సరిపోయేలా చేస్తాం. సరే. కానీ ఆ పాఠంలో రెండో సగం ఉంది: ఆ మిగిలినవాళ్ళకి వేరే ఏర్పాటు చూపించాలి. కారు సీటు ముందుకీ వెనక్కీ జరిగేది అందుకే. విమానం సీటు దగ్గర మాత్రం ఆ రెండో సగం ప్రయాణికుడికే హోంవర్క్‌గా ఇచ్చేశారు.

ఇంకో విచిత్రం. విమానంలో నడవ ఎంత వెడల్పు ఉండాలో అమెరికా నిబంధనల్లో అంగుళాలతో సహా రాసి ఉంది. సీటు వెడల్పుకి అలాంటి కనీస కొలత లేకుండానే దశాబ్దాలు గడిచిపోయాయి. 2018లో అక్కడి కాంగ్రెస్ సీట్లకి కనీస కొలతలు పెట్టమని విమానయాన సంస్థ ఎఫ్ఏఏకి చెప్పింది. ప్రమాదం జరిగితే సగం తలుపుల్లోంచే 90 సెకన్లలో అందరూ బయటపడాలన్నది రూలు. ఇరుకు సీట్ల నుంచి అది సాధ్యమేనా అని ఎఫ్ఏఏ వాళ్ళు ఓక్లహామా సిటీలో పరీక్షలు చేశారు. అందులో పాల్గొన్న వాలంటీర్లంతా అరవై లోపు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు. పిల్లలు లేరు, ముసలివాళ్ళు లేరు, కదలిక కష్టమైనవాళ్ళు లేరు. అంటే టికెట్ కొనేటప్పుడు లెక్కలో ఉన్న పెద్దమ్మ, టెస్టు చేసేటప్పుడు లెక్కలో లేదు. మన ల్యాబ్‌లో శాంపిల్ ఇలా తీసుకుంటే సారు రికార్డు మీద సంతకం పెట్టరు.

మన దేశంలో రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. వైకల్యం ఉన్నవాళ్ళకీ, కదలిక కష్టమైనవాళ్ళకీ సాయం చేయాలని, దానికి డబ్బులు తీసుకోకూడదని, ఆ కారణంతో ఎక్కించుకోం అనకూడదని డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి. ప్రయాణికుడు 48 గంటల ముందు తెలియజేయాలి. 2012లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ గారిని కోల్‌కతాలో విమానం నుంచి దించేస్తే, ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2016లో కోర్టు ఆవిడకి 10 లక్షల పరిహారం ఇప్పించింది. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబై వచ్చిన ఎనభై ఏళ్ళ పెద్దాయన, ఆయన భార్య ఇద్దరూ వీల్‌చైర్లు అడిగారు. ఒకటే దొరికింది. భార్యని కూర్చోబెట్టి ఆయన పక్కన నడిచాడు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. ఎయిర్ ఇండియాకి డీజీసీఏ 30 లక్షల జరిమానా వేసింది.

కదలిక సంగతి ఇలా కనీసం కాగితం మీదైనా ఉంది. లావు సంగతి అలా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఊబకాయం లేదు. ప్రతి లావు మనిషీ వికలాంగుడు అని నేనూ అనను. కానీ బరువు వల్ల ఒక మనిషి ఒక సీటులో కూర్చోలేకపోతే, రెండో సీటు ఎవరి ఖర్చు? కెనడా దీనికి జవాబు చెప్పింది. "ఒక మనిషికి ఒకే ఛార్జీ" అని అక్కడి రవాణా ఏజెన్సీ 2008లో తీర్పు ఇచ్చింది. వైకల్యం వల్ల గానీ, వైకల్యం స్థాయికి చేరిన ఊబకాయం వల్ల గానీ రెండో సీటు అవసరమైతే దేశం లోపలి ప్రయాణాల్లో దానికి డబ్బు తీసుకోకూడదు. లావుగా కనిపిస్తే చాలదు, అవసరమని తేలాలి. పెద్ద ఎయిర్‌లైన్లు పైకోర్టుకి వెళ్ళాలని చూసినా, సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి కూడా ఒకటుంది. 2013లో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ మనిషిని తూకం వేసి కిలోల లెక్కన ఛార్జీ పెట్టింది. ఇంధనం లెక్క ప్రకారం అది న్యాయమే అనే ఫ్రెండ్స్ నాకున్నారు. కానీ ఆ లెక్కే నిజంగా నమ్మితే, 45 కిలోల మా చెల్లికి సగం ధరకి టికెట్ ఇస్తున్నామా? లేదు. మామూలు టికెట్‌లో సన్నవాళ్ళకి డిస్కౌంట్ లేదు. లావువాళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రమే ఫిజిక్స్ గుర్తొస్తుంది.

మన తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన అమ్మానాన్నల్లో చాలామంది బాగా నడవగలిగినా వీల్‌చైర్ పెట్టించుకుంటారు. పెట్టేది కూడా మనమే. ఇంగ్లీషు రాదు, మధ్యలో ఎయిర్‌పోర్టు మారాలి, ఇమిగ్రేషన్‌లో ఏమడుగుతారో అని భయం. భయం నిజమే. కానీ ఆ భయానికి కావాల్సింది కుర్చీ కాదు, తోడు. అలా దగ్గరుండి దారి చూపించే సాయానికి విమానాల వాళ్ళ దగ్గర వేరే కోడ్ కూడా ఉంది. ఒక్క కుర్చీ అనవసరంగా వెళ్తే, నిజంగా అవసరమైనవాళ్ళు నలభై నిమిషాలు నిలబడాలి. పైగా వాళ్ళని కూడా జనం అనుమానంగా చూస్తారు.

నేను ఎయిర్‌లైన్లని బిజినెస్ క్లాస్ ఫ్రీగా ఇమ్మనడం లేదు. అడిగేవి చిన్నవే. బుకింగ్ పేజీలోనే సీటు వెడల్పు రాయండి. బ్యాగు కొలతలు సెంటీమీటర్లతో సహా రాస్తున్నారు కదా, మనిషి కొలత దాచడం ఎందుకు? "మెట్లెక్కగలరా? బెల్టు ఎక్స్‌టెండర్ కావాలా? చేతికమ్మీ పూర్తిగా పైకి లేచే సీటు కావాలా?" అని అక్కడే అడగండి. అప్పుడు మూడు వరసల అవతల నుంచి అరిచే పని ఉండదు. విమానంలో ఖాళీ సీటు ఉంటే ముందుగా అలాంటివాళ్ళ పక్కన వదిలిపెట్టండి. డాక్టరు కాగితం ఉన్నవాళ్ళ రెండో సీటుకి డబ్బు తీసుకోకండి. పక్కన కూర్చున్నవాళ్ళు ఇబ్బంది పడితే ఆ పంచాయితీని ఇద్దరు ప్రయాణికుల మధ్య వదిలేయకండి. సీటు చేయించింది మీరు, అమ్మింది మీరు. ఆ రోజు నా పక్కాయన, మా పెద్దమ్మ ఒకరినొకరు శత్రువుల్లా చూసుకున్నారు. ఇద్దరికీ చాలనంత చోటు అమ్మినవాళ్ళు ఆ గొడవలోనే లేరు.

ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషికి "కాస్త జరగండి" అంటే జరుగుతాం. అక్కడ సర్దుకోవడం మన మంచితనం. అంగుళాల లెక్కన అమ్మే చోట సర్దుకోమనడం మంచితనం కాదు, కంపెనీ పని మనం చేసిపెట్టడం. ఇంట్లో అందరికీ టికెట్లు బుక్ చేసేది ఇప్పుడు మనమే కాబట్టి ఆ గడులు సరిగ్గా నింపుదాం. 48 గంటల ముందు ఫోన్ చేసి, మెట్లెక్కలేరని నోటితో చెప్పి, చెప్పినట్టు మెయిల్ కూడా పెడదాం. అలా చేయనందుకు నేను పడిన బాధ మీరు పడొద్దు.

సంక్రాంతికి అక్కావాళ్ళు రావడం కుదరదన్నారు. అందుకని పెద్దమ్మని మళ్ళీ ఢిల్లీ తీసుకెళ్దామని మొన్న ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఒరేయ్ నాన్నా, ఆ బెల్టు ముక్క బయట అమ్ముతారా? మనమే ఒకటి కొనుక్కుని సంచిలో పెట్టుకుందాం."

"అక్కర్లేదు పెద్దమ్మా, అడిగితే వాళ్ళే ఊరికే ఇస్తారు" అన్నాను.

"అడగడమే కదరా కష్టం" అంది.

ఈసారి ఆవిడ అడగక్కర్లేదు. నేను ముందే అడుగుతాను. కానీ అసలు అడగాల్సింది మేం కాదు, టికెట్ అమ్మినవాళ్ళు.