నిర్మల్‌లో నిమ్మళముగా ఒక వారము



మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోని కుటుంబములు ఎందుకోసము ఊరు దాటుతాయో ఒకసారి లెక్క వేసి చూడండి. పెండ్లికి, చావుకు, ఆసుపత్రికి, కోర్టుకు, బ్యాంకుకు. ఈ పనులేవీ లేకుండా ఊరికే, కలిసి ఉండడానికి, అలుపు తీర్చుకోవడానికి ఇల్లు దాటినది ఎప్పుడు అని అడిగితే అనేక ఇండ్లలో జవాబు రాదు.

గల్ఫ్‌లో పనిచేసేవారి ఇండ్లలో ఈ కొరత మరింత బాధగా కనబడుతుంది. 1970ల నుండి మన జిల్లాలవారు దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి, కువైట్‌కు పోతూనే ఉన్నారు. రెండేండ్లకో మూడేండ్లకో సెలవు దొరికి ఇంటికి వస్తారు. మొదటి వారము చుట్టాలు చూడవస్తారు. రెండవ వారము వీరు చుట్టాల ఇండ్లకు తిరుగుతారు. మూడవ వారము ఇంటి మరమ్మతు, పిల్లల ఫీజులు, అప్పుల వ్యవహారము. నాలుగవ వారము మళ్ళీ పెట్టె సర్దుట. విమానము వెళ్ళిపోయిన తరువాత "నాయన వచ్చిండు గని నాతోని ఒక్క పూటన్న కూసోలే" అని బిడ్డ అంటే ఆ తల్లి ఏమి జవాబు చెప్పగలదు?

అందువలన ఈ నెల ఈ శీర్షికలో ఒక వారము ప్రయాణమును ఎలా ఏర్పాటు చేసుకోవచ్చునో వ్రాస్తున్నాము. గల్ఫ్ నుండి వచ్చిన సహోదరునికే కాదు, సంవత్సరమంతా పొలములో, బీడీల చాటలో తల వంచి పనిచేసే ప్రతి కుటుంబమునకు ఇది ఉపయోగపడవచ్చును.

ముందుగా ఒక మాట. మనవారు ఎప్పుడైనా యాత్రకు బయలుదేరితే జీపో వ్యానో మాట్లాడుకొని రెండు రోజులలో పది చోట్లు చూడాలని చూస్తారు. తెల్లవారుజామున లేపుట, దిగి ఫోటో దిగుట, మళ్ళీ ఎక్కుట. ముసలివారు కాళ్ళు వాచి, పిల్లలు వాంతులు చేసుకొని, ఆడవారు టిఫిన్ డబ్బాలు కడుగుతూ ఇంటికి చేరుతారు. మన తెలంగాణలో దీనికి సరియైన మాట ఉన్నది: ఆగమాగము. దానికి ఎదురు మాట కూడా మనదే: నిమ్మళము. వారము రోజులు ఒకే ఊరిలో ఉండి, రోజుకు ఒక్క పని మాత్రమే పెట్టుకొంటే ఆ నిమ్మళము దొరుకుతుంది.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశములో, ఆండీస్ పర్వతముల మీద కుస్కో అనే పురాతన నగరమున్నది. ఇంకా రాజుల రాజధాని అది. సముద్రమట్టమునకు దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉండుట వలన అక్కడ గాలి పలుచన. కొత్తగా వచ్చినవారికి తలనొప్పి, ఆయాసము వస్తాయి. అందుకే అక్కడికి వెళ్ళేవారు మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కడికీ పరుగెత్తక మెల్లగా నడిచి, తేలికగా తిని, విశ్రమించాలని పెద్దలు, వైద్యులు చెబుతారు. తొందరపడినవారిని ఆ కొండలే కూర్చోబెడతాయి. మన దగ్గర గాలికి కొరత లేదు గనుక మనలను కూర్చోబెట్టేవారు లేరు. మనమే ముందుగా తీర్మానించుకొని కూర్చోవలెను.

ఇక ఏ ఊరు? మేము నిర్మల్‌ను సూచిస్తున్నాము. 2016 అక్టోబరు వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆ తరువాత తానే జిల్లా కేంద్రమైన పట్టణమిది. చుట్టూ కోటలు, బురుజులు, ఒకదాని నీరు మరొకదానికి పారే గొలుసుకట్టు చెరువులు, కొయ్యబొమ్మలు, కొంత దూరములో గోదావరి, మరికొంత దూరములో జలపాతములు ఉన్నవి. అయినా కాలినడకన తిరగగలిగినంత ఊరు. నిర్మల్ పరిసరములవారు ఇదే పద్ధతిలో జగిత్యాలను ఎంచుకోవచ్చును. అక్కడ 1747లో కట్టిన నక్షత్రాకారపు కోట ఉన్నది.

ఎప్పుడు వెళ్ళాలి? నాట్లు, కలుపులు అయిపోయి, వరి కోతకు రాకముందు కొంచెము వ్యవధి దొరుకుతుంది. పిల్లలకు దసరా సెలవులు ఆ దినములలోనే వస్తాయి. చెరువులు నిండి, వాగులు పారుతూ ఉంటాయి. పత్తి వేసినవారు మొదటి ఏరుడు వేళను చూసుకోవలెను. బర్రెలు, కోళ్ళు ఉన్నవారికి అదే పెద్ద చిక్కు. పక్కింటివారితో ముందే ఒప్పందము చేసుకోండి: ఈ వారము మా బర్రెను మీరు పిండుకోండి, పాలు మీవే, మీరు వెళ్ళినప్పుడు మీ బర్రెను మేము చూస్తాము. ఇలా వంతులు పెట్టుకొంటే రెండు కుటుంబములకు సెలవు దొరుకుతుంది.

ఎలా వెళ్ళాలి? నిర్మల్‌కు రైలు లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నందున బస్సులకు కొదువ లేదు. పెద్దపల్లి, కరీంనగర్ వైపువారు 2017లో పూర్తయిన పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గములో ఆర్మూరు వరకు వచ్చి బస్సు ఎక్కవచ్చును. ఆ దారిలో రైళ్ళు కొద్ది గనుక వేళలు ముందే తెలుసుకోండి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు 2023 డిసెంబరు 9 నుండి ఉచిత ప్రయాణమున్నది. ఆధార్ కార్డు చేతిసంచిలో పెట్టుకొనుట మరువవద్దు.

ఎక్కడ ఉండాలి? చుట్టాల ఇంట్లో వద్దు అని మా సలహా. ప్రేమ తక్కువై కాదు. ఆరుగురు మనుషులు ఏడు రోజులుంటే ఆ ఇంటి ఇల్లాలికి ఏడు రోజులూ పొయ్యి దగ్గరే తెల్లవారుతుంది. మన ఇల్లాలు కూడా మొగమాటముతో ఆమె వెంట వంటింట్లోనే ఉంటుంది. బస్టాండు దగ్గరి లాడ్జీలలో వారమునకు ఎంత తీసుకుంటారో ముందే అడిగి, నీటి వసతి, మరుగుదొడ్డి చూసుకొని గది తీసుకోండి. తల్లికి మెట్లు ఎక్కలేని మోకాళ్ళుంటే కింది అంతస్తే అడగండి. ఈ వారము వంట చేయకూడదు. ఇడ్లీ బండి, మెస్సు భోజనము చాలును. ఇంట్లో అందరికీ సెలవు దొరికి ఆమె చేతికి మాత్రము దొరకకపోతే అది కుటుంబపు సెలవు కాదు.

ఖర్చు మాట. అప్పు చేసి వెళ్ళవద్దు. సంవత్సరము ముందు నుండి ఒక చిన్న చీటీ వేసుకోండి. గది, భోజనము, ఛార్జీలు, ఒకటి రెండు రోజుల ఆటో, పిల్లలకు బొమ్మలు, మందులు అని ఆరు వరుసలు కాగితము మీద వ్రాసుకొని, చేతిలో ఉన్నంతలోనే సర్దుకోండి. ఏడు రోజులకు సరిపోకపోతే నాలుగు రోజులే ఉండండి. అయితే నాలుగు రోజులలో ఏడు రోజుల పని చేయవద్దు.

ఇప్పుడు రోజుల వారీగా చూద్దాము.

సోమవారము చేరుకొంటారు. ఆ రోజు ఏమీ చూడవద్దు. స్నానము చేసి పడుకోండి. సాయంత్రము ధర్మసాగర్ చెరువు వైపు మెల్లగా నడిచి రండి.

మంగళవారము బొమ్మలు. పొనికి అనే తేలికైన మెత్తని కొయ్యను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతికి, పైన సుద్ద పూత పూసి రంగులు వేస్తారు. సీతాఫలము, జామకాయ బొమ్మలను చూసి పిల్లలు నిజమని నోట పెట్టుకోబోతారు. ఈ పని చేసే నకాషీ కుటుంబములవారు 1955లో సహకార సంఘము ఏర్పరచుకొన్నారు. 2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చినది గాని అడవిలో పొనికి చెట్లు తగ్గిపోయి కొయ్య దొరకుట కష్టమైనది. పనివారిని పలకరించండి, వారి పని కొంతసేపు నిలబడి చూడండి. ఒక్క బొమ్మ కొన్నా బేరము గట్టిగా ఆడవద్దు. కూలి గిట్టుబాటు కాకపోతే పని ఎంత కష్టమో మనకు తెలుసును.

బుధవారము కోటలు. నిమ్మనాయుడు అనే పాలకుని పేరు మీద ఈ ఊరికి ఆ పేరు వచ్చినదని స్థానికులు చెబుతారు. హైదరాబాదు వైపు నుండి వచ్చే రోడ్డు పక్కన శ్యాంగఢ్ కోట ఉన్నది, మరొకటి బత్తీస్‌గఢ్. ఒక్కటి చాలును. ఎండ ముదరకముందే ఎక్కి దిగండి. ఆ సాయంత్రము పిల్లలకు రాంజీ గోండు సంగతి చెప్పండి. 1857 తిరుగుబాటు తరువాతి సంవత్సరములలో గోండులను, రోహిల్లాలను కూడగట్టి ఆంగ్లేయులను, నిజాము సేనలను ఎదిరించిన నాయకుడాయన. 1860 ఏప్రిల్‌లో ఆయనను, ఆయన వెంట పట్టుబడినవారిని నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి మంది అని జనుల జ్ఞాపకము. అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. ఇందాక చెప్పిన కుస్కోలో కూడా చివరి ఇంకా రాజైన టుపాక్ అమారును 1572లో స్పెయిన్‌వారు నడి కూడలిలో చంపారు. ఏ పురాతన నగరములోనైనా కోట కట్టినవారి పేర్లు తొందరగానే తెలుస్తాయి. ప్రాణము ఇచ్చినవారి పేర్లు తెలియడానికి కొంతసేపు నిలిచి అడగవలెను.

గురువారము ఖాళీ. దీనిని మేము కావాలనే పెట్టినాము. బట్టలు ఉతుక్కోండి, మధ్యాహ్నము నిద్రపొండి, అష్టాచెమ్మా ఆడండి. గల్ఫ్ నుండి వచ్చిన తండ్రి ఆ రోజు తన పని ఎలాంటిదో పిల్లలకు చెప్పాలి. ఎక్కడ పడుకుంటాడు, ఏమి తింటాడు, ఎండ ఎంత ఉంటుంది అని. పంపిన డబ్బు సంగతే గాని ఆ డబ్బు వచ్చిన దారి అనేకమంది పిల్లలకు తెలియదు. ఇలాంటి మాటలు పరుగెత్తే వ్యానులో రావు. ఏ పనీ లేని మధ్యాహ్నమే వస్తాయి.

శుక్రవారము కుంటాల జలపాతము. బస్సు మహబూబ్ ఘాట్ ఎక్కి అడవిలోంచి నేరడిగొండ చేరుతుంది. అక్కడి నుండి ఆటో. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. దిగువకు చాలా మెట్లున్నవి గనుక ముసలివారు పై నుండే చూడవచ్చును. పైలము! అక్కడి నీటిలో దిగి ప్రాణములు పోగొట్టుకొన్న యువకులు కొందరున్నారు. పాచి పట్టిన బండల మీదికి, నీటిలోనికి పిల్లలను పోనీయవద్దు. వరద ఎక్కువైనప్పుడు పోలీసువారు ఆపితే మారు మాట్లాడక తిరిగి రండి.

శనివారము పోచంపాడు. 1963 జులై 26న నెహ్రూగారు పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ఆనకట్ట అది. దానికి 42 గేట్లు. జగిత్యాల, కరీంనగర్ రైతులకు ఇది చూడదగిన స్థలము. మన పొలమునకు వచ్చే కాకతీయ కాలువ ఇక్కడే మొదలై 284 కిలోమీటర్లు సాగుతుంది. కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు డ్యాము ఆ కాలువ 146వ కిలోమీటరు వద్ద ఉన్నది. మొదట 112 టి.ఎం.సి.ల నీరు పట్టే జలాశయము పూడిక పేరుకొని అంత పట్టలేకపోతున్నది. ఆ నీటి కింద మునిగిన ఊళ్ళు కూడా ఉన్నవని పిల్లలకు చెప్పండి. ఒకరి పొలము తడవడానికి మరొకరు ఇల్లు విడిచినారు.

ఆదివారము ఆ ఊరి సంఘములో ఆరాధన, తీరికగా భోజనము, సాయంత్రము బస్సు.

ఈ వరుసలో జన్నారము అడవి లేదు, కడెం ప్రాజెక్టు లేదు, పొచ్చెర జలపాతము లేదు. అవి బాగుండవని కాదు. మళ్ళీ ఒకసారి వెళ్ళడానికి అవి మిగలాలి. ఎవరికైనా జ్వరము వస్తేనో, వాన పట్టుకొంటేనో ఇందులోనూ రెండు రోజులు తగ్గించండి. గురువారమును మాత్రము తీసివేయవద్దు.

తిరిగి వచ్చిన తరువాత "ఏమేమి చూసినారు?" అని ఊరివారు అడుగుతారు. చెప్పడానికి నాలుగే పేర్లుంటాయి. అందుకు చిన్నబోవద్దు. సెలవు ముగిసి తండ్రి మళ్ళీ విమానమెక్కే రోజున, దుబాయిలో ఆయన పడుకొనే గదిలో మంచములు ఎన్ని ఉన్నవో, కిటికీ ఏ వైపున ఉన్నదో పిల్లవానికి తెలిసి ఉంటుంది. ఒక్క ఫోనుకాల్‌లో దొరకని సంగతి అది. ఆ వారము ఖర్చు దానికే పెట్టినామనుకోండి.

ప్రభువు మీ రాకపోకలలో మీకు తోడైయుండును గాక.