టాంగా దిగిన సలీం మీర్జా

1913లో రావల్పిండిలో జన్మించిన బల్‌రాజ్ సాహ్నీ దేశ విభజనలో సొంత ఊరిని కోల్పోయారు. ఇప్టా నాటకాలలో రాటుదేలి, ‘దో బీఘా జమీన్’ (1953)లో రిక్షా లాగిన రైతుగా మెప్పించిన ఆయనే ‘గర్మ్ హవా’లో ఆగ్రాను వీడనన్న ముస్లిం వ్యాపారి సలీం మీర్జాగా జీవించారు. పగ పెంచుకోక, ఎదుటివారి గాయాన్ని తనదిగా మోసిన ఆ ఔన్నత్యానికి మేము నమస్కరిస్తున్నాము. చిత్రం విడుదల కాకముందే, 1973 ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు.

అప్పు పుట్టక, అద్దె ఇల్లు దొరకక కుంగిన మీర్జా, దేశం వదలబోతూ టాంగా దిగి, ఉపాధి కోరే ఊరేగింపులో కలుస్తాడు. పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే జవాబు నేటికీ మనకు కొత్త కాదు. మన బిడ్డలకు ఈ చిత్రం చూపిద్దాం. ఇంట్లో కూర్చుని కుమిలితే హక్కులు రావు. సాటి పౌరులతో కలిసి నడవాలి.