పని ఎక్కడికి పంపాలి?

2012 జూన్ మూడో వారంలో బ్రిటన్‌లో ఉన్నవారికి నాట్‌వెస్ట్ బ్యాంకు గొడవ గుర్తుండే ఉంటుంది. జీతాలు ఖాతాల్లో పడలేదు. బిల్లుల చెల్లింపులు జరగలేదు. ఎవరి ఖాతాలో ఎంత ఉందో బ్యాంకే సరిగ్గా చెప్పలేకపోయింది. ఒకే గ్రూపు కిందున్న ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకులు మూడింటికీ కలిపి 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇరుక్కున్నారు. అల్‌స్టర్ బ్యాంకు వాళ్ళకైతే వారాల తరబడి తేలలేదు. అంతలోనే పత్రికల్లో హైదరాబాద్ పేరు వచ్చేసింది. ఆర్‌బీఎస్ గ్రూపు తన కంప్యూటర్ పని కొంత అక్కడికి తరలించిందనీ, చవక మనుషుల చేతిలో పెట్టబట్టే ఇలా అయిందనీ రాశారు. ఆఫీసుల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఆ మాటలు వింటూ మౌనంగా కూర్చోవలసి వచ్చింది.

తర్వాత ఆ గ్రూపు అధిపతి స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి ఉత్తరం రాశారు. ప్రాథమిక విచారణలో తేలినదాన్ని బట్టి విదేశాలకు పంపిన పనికి దీనితో సంబంధం లేదనీ, ఎడిన్‌బరోలోని సొంత జట్టు చూసుకునే సిస్టమ్‌లోనే తప్పు జరిగిందనీ అందులో ఉంది. రాత్రిపూట లావాదేవీలన్నీ వరుసగా నడిపించే బ్యాచ్ షెడ్యూలర్‌కు కొత్త వెర్షన్ వేశారు. ఏదో తేడా కనబడింది. వెంటనే దాన్ని తీసేసి పాతదానికి వెళ్ళారు. తీసేస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. 2014 నవంబరులో రెండు నియంత్రణ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, బ్రిటన్‌లోని మన తెలుగు సంఘం సభ్యుల్లో సొంతంగా చిన్న కంపెనీలు పెట్టుకున్నవారు పెరిగారు. ఉద్యోగాల్లో ఉన్నవారిలో కూడా చాలామంది ఇవాళ పని చేసే వైపు నుంచి పని ఇచ్చే వైపుకు వచ్చారు. వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. ధర తర్వాత సంగతి, నాణ్యత కావాలి. అయితే ఏ దేశం, ఏ ఊరు? హైదరాబాదా, పోలండ్‌లో క్రాకోవా, వియత్నాంలో హోచిమిన్ సిటీయా?

నా సమాధానం సూటిగా చెబుతాను. నాణ్యత ఊరికి ఉండే గుణం కాదు. అది జట్టుకు ఉంటుంది, ఆ జట్టుతో మనం మెలిగే పద్ధతికి ఉంటుంది. ఊరు కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది, కొన్ని చిక్కులు తెస్తుంది, అంతవరకే. నాట్‌వెస్ట్ విషయంలో ఊరి మీదకు తప్పు తోసినవాళ్ళు ఎంత పొరబడ్డారో, ఊరి పేరు చూసి నాణ్యత వస్తుందని నమ్మేవాళ్ళూ అంతే పొరబడుతున్నారు.

దీనికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. స్పెయిన్‌కు చెందిన సబదెల్ బ్యాంకు 2015లో దాన్ని కొనుక్కుంది. కొత్త సిస్టమ్ కట్టే పనీ, నడిపే పనీ తన సొంత సంస్థ సబిస్‌కు అప్పగించింది. దూరం లేదు, రెండు గంటల విమానం. గడియారాల్లో గంటే తేడా. బయటివాళ్ళు కూడా కాదు, ఒకే గొడుగు కింది సంస్థ. విదేశానికి పని పంపేవాళ్ళు కోరుకునే వసతులన్నీ ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 52 లక్షల మంది ఖాతాదారులను కొత్త సిస్టమ్‌లోకి మార్చారు. ఆ వెంటనే జనం ఖాతాలు తెరవలేకపోయారు. కొందరికి వేరేవాళ్ళ ఖాతాలు కనబడ్డాయి. పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది.

విచారణలో బయటపడినవి చూడండి. రెండు డేటా సెంటర్లలో ఒకదాని మీదే భారం పెట్టి పరీక్షించారు. ఆ సంగతి బోర్డుకు తెలియదు. సబిస్ కూడా ఒంటరిగా పనిచేయలేదు, ఈ పని కోసం అది ఆధారపడిన ఇతర సంస్థలు 85. పని ఇచ్చినవాళ్ళకు తెలిసింది సబిస్ ఒక్కటే. దాని వెనుక ఉన్నవాళ్ళు సిద్ధంగా ఉన్నారో లేదో అడిగి తేల్చుకున్నవాళ్ళు లేరు. 2022 డిసెంబరులో టీఎస్‌బీకి దాదాపు 4.9 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. పని అప్పగించినా బాధ్యత మీదేనన్నది నియంత్రణ సంస్థల వాదన. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

దేశాల వారీగా నాణ్యతను కొలిచిన ప్రయత్నాలు లేకపోలేదు. ఎంఐటీ ఆచార్యుడు మైకేల్ కుసుమానో, ఆయన సహచరులు 2003లో 104 ప్రాజెక్టుల వివరాలు అచ్చువేశారు. సాఫ్ట్‌వేర్ చేతికిచ్చాక ఏడాది లోపల ప్రతి వెయ్యి లైన్లకు ఎన్ని లోపాలు బయటపడ్డాయన్నది అందులో ఒక లెక్క. జపాన్ మధ్యస్థ సంఖ్య 0.020. భారత్‌ది 0.263, అమెరికాది 0.400. అప్పట్లో మనవాళ్ళు చవక పనివాళ్ళే తప్ప మంచి పనివాళ్ళు కారనేవారికి ఆ అంకెలు గట్టి జవాబు. అయితే ఆ వ్యాసంలో నాకు అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. కోడ్ రాయబోయే ముందు వివరంగా డిజైన్ రాసుకోవడం, ఒకరి కోడ్ ఇంకొకరు చదవడం, మార్పు చేసిన ప్రతిసారీ పాత పరీక్షలు మళ్ళీ నడపడం వంటి అలవాట్లు ఏ దేశం ప్రాజెక్టుల్లో ఎంతవరకు ఉన్నాయో కూడా వాళ్ళు లెక్కించారు. మన ప్రాజెక్టుల్లో అవి బాగా కనబడ్డాయి. పని ఇవ్వబోయేవాడు చూడవలసింది ఆ అలవాట్లను.

సర్టిఫికెట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి కంపెనీ ప్రజెంటేషన్‌లో మొదటి పేజీ అదే. సాఫ్ట్‌వేర్ కంపెనీ పని పద్ధతిని ఐదు స్థాయిల్లో కొలిచే సీఎంఎం అనే కొలబద్ద పుట్టింది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. అమెరికా రక్షణ శాఖ తన పని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి అక్కడి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ సాయం అడిగింది. వాట్స్ హంఫ్రీ నాయకత్వంలో ఆ పద్ధతి రూపుదిద్దుకుని 1991లో వెలువడింది. అంటే, మనం ఇవాళ అడుగుతున్న ప్రశ్నకే అది జవాబు. బెంగళూరులోని మోటరోలా కేంద్రం ప్రపంచంలోనే తొలి విడతలో ఐదో స్థాయి అందుకుంది. ఆ తర్వాత మన కంపెనీలు వరుసకట్టాయి. వేల మైళ్ళ అవతల ఉన్న, పేరు కూడా పలకడం రాని కంపెనీని నమ్మడానికి క్లయింట్‌కు ఏదో ఒక ఆధారం కావాలి కదా. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. పని పద్ధతి రాసిపెట్టుకోవడం, లోపాలను లెక్కించడం ఒక తరం ఇంజినీర్లకు దానివల్లే అలవడింది.

కాని ఆ కాగితం ఏం చెబుతుందో తెలుసుకుని చదవాలి. మదింపు జరిగేది కంపెనీలో ఒక విభాగానికి. దానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. మీ పని చేయబోయే పదిమంది ఆ విభాగంలో ఉన్నారా అన్నది అడిగితే తప్ప తెలియదు. కాగితాలు చూపించలేనివి కూడా ఉంటాయని 2009 జనవరి 7న మనందరికీ తెలిసింది. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్‌కు సర్టిఫికెట్లూ ఉన్నాయి, బహుమతులూ ఉన్నాయి. లెక్కల పుస్తకాల్లో ఉన్న వేల కోట్ల నగదు మాత్రం లేదు. ఆ దెబ్బ తిన్న కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి. అయితే అదే సమయంలో, వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియని ఇంజినీర్లు క్లయింట్ పని ఆపకుండా నడిపారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకునే నాటికి అందులో కొనదగిన విలువ మిగిలిందంటే, అది ఆ జట్ల వల్లే మిగిలింది.

కాబట్టి అడగవలసింది జట్టు గురించి. సంబంధం చూసేటప్పుడు ఊరి పేరు విని సరిపెట్టుకోం, ఇంటిని విచారిస్తాం, ఇరుగుపొరుగును కదిలిస్తాం. అదే పట్టు ఇక్కడా కావాలి. ఈ పని మీద ఎవరు కూర్చుంటారు, వాళ్ళు ఆ కంపెనీలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు, గత రెండేళ్ళలో ఆ జట్టు నుంచి ఎందరు వెళ్ళిపోయారు? ఇంటర్వ్యూలో మాట్లాడిన సీనియర్ పని మొదలయ్యాక కనబడకుండా పోవడం ఈ వ్యాపారంలో పాత రోగం. మనవైపు ప్రాక్సీ ఇంటర్వ్యూల బెడద ఎంత ముదిరిందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కెమెరా ముందు ఒకరు పెదవులు కదుపుతుంటే వెనక నుంచి మరొకరు జవాబులు చెప్పడం, లేని అనుభవాన్ని ఉన్నట్టు కాగితాలు పుట్టించడం. దీన్ని మన పరువు పేరుతో దాచడం వల్ల నష్టపోయేది నిజాయితీగా చదువుకుని పైకొచ్చిన పిల్లలే. పనివాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ చేతే కాసేపు కోడ్ రాయించి చూడండి. అందులో అవమానమేమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునేది ఒకటుంది. ఆ జట్టులో కుదరదని చెప్పగలిగేవాళ్ళు ఉన్నారా? ఆరు వారాల పనిని మూడు వారాల్లో అడిగితే కుదరదనాలి. అర్థం కానిదాన్ని అర్థం కాలేదనాలి. టెస్టర్ ఈ రిలీజ్ వెళ్ళకూడదంటే మేనేజర్ ఆగాలి. ఆఫ్‌షోర్ నుంచి వచ్చే చెడ్డ సాఫ్ట్‌వేర్‌లో చాలాభాగం తెలివి లేక పుట్టింది కాదు, సరేనని తల ఊపడం వల్ల పుట్టింది. క్లయింట్ పెద్దవాడు, ఎదురు చెప్పకూడదనే మర్యాద మనలో లోతుగా ఉంది. ఇంట్లో అది మంచిదే కావచ్చు. డిజైన్ సమావేశంలో మాత్రం అది ప్రమాదం. ఆన్‌సైట్ కోఆర్డినేటర్లుగా పనిచేసిన మన సభ్యులకు ఇది నేను చెప్పనక్కరలేదు. ఇటు క్లయింట్‌కు సరేననీ, అటు జట్టుకు ఎలాగో చేయండనీ చెప్పి, మధ్యలో తెల్లవార్లూ మేలుకున్నవాళ్ళు మీరే. ఇప్పుడు మీరు పని ఇచ్చే కుర్చీలో ఉంటే, కుదరదన్న మాట నోరు తెరిచి చెప్పే ధైర్యం అవతలివాళ్ళకు మీరే ఇవ్వాలి. మొదటిసారి ఎవరైనా కుదరదన్నప్పుడు మీ మొహం ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి తర్వాతి రెండేళ్ళు నిర్ణయమవుతాయి.

పరీక్షించి చూడటానికి డెమో పనికిరాదు. చిన్నదైనా నిజమైన పని ఒకటి డబ్బిచ్చి చేయించండి. పూర్తయ్యాక రెండు నెలలు వాడుకలో పెట్టి, ఎన్ని లోపాలు వచ్చాయో, వాటిని ఎలా సరిచేశారో చూడండి. సోర్స్ కోడ్ మొదటి రోజు నుంచి మీ ఖాతాలోనే ఉండాలి. మీకు చెప్పకుండా పని మరొకరికి ఇవ్వకూడదని ఒప్పందంలో రాయించండి. కొత్త వెర్షన్ వేయడమే కాదు, దాన్ని వెనక్కి తీయడం కూడా ముందుగా సాధన చేయించండి. వినియోగదారుల అసలు వివరాలు ఎక్కడికీ పంపకండి, పేర్లూ నంబర్లూ మార్చిన డేటాతోనే పని నడవాలి. యూరప్ దేశాలకు పంపితే చట్టపరంగా కొంత సులువు, భారత్‌కైతే ఒప్పందంలో అదనపు షరతులు కావాలి. అసలు వివరాలే పంపకపోతే ఆ తలనొప్పి చాలావరకు తీరుతుంది.

ఇక ఊళ్ళు. బ్రిటన్‌కూ మన దేశానికీ ఎండాకాలంలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు తేడా. బ్రిటన్‌లో ఉన్న మనకు ఉదయం పూట మూడు నాలుగు గంటలు అక్కడి జట్టుతో కలిసి పనిచేసే వీలుంటుంది. చాలా రకాల పనికి అది చాలు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకు ఆ వీలు లేదు. అక్కడివాళ్ళ పగలు హైదరాబాద్‌కు అర్ధరాత్రి. ఎవరో ఒకరి నిద్ర మీద నడిచే పని ఏడాది తిరగకుండా జట్టును చెదరగొడుతుంది. రోజంతా పక్కన కూర్చున్నట్టు మాట్లాడుకోవలసిన పనైతే పోలండ్‌లోని క్రాకో, వ్రొత్స్‌వాఫ్ మేలు. అక్కడ రేటు ఎక్కువైనా ఇవ్వండి. మెషీన్ లెర్నింగ్, క్లౌడ్ వంటి వాటిలో పదేళ్ళు పండినవాళ్ళు కావాలంటే హైదరాబాద్‌లో దొరికినంతగా దొరికే ఊళ్ళు ప్రపంచంలో తక్కువ. 1998లో మైక్రోసాఫ్ట్ అక్కడ కేంద్రం పెట్టినప్పటి నుంచి ఉత్పత్తులు తయారుచేయడం నేర్చుకున్న తరమొకటి తయారైంది. అయితే ఆ మనుషులే గూగుల్‌కూ అమెజాన్‌కూ కావాలి. చిన్న కంపెనీ వాళ్ళను పట్టి ఉంచడం కష్టం. ఎనిమిది మందితో ఏళ్ళ తరబడి ఒకే సిస్టమ్‌ను చూసుకునే పనికి నేనైతే విశాఖపట్నమో, విజయవాడో, వరంగలో చూస్తాను. అమ్మానాన్నల దగ్గరే ఉండి మంచి పని చేసుకోవాలనుకునే ఇంజినీర్లు అక్కడ ఉన్నారు. నిలకడ అన్నది రేటు కార్డులో కనబడదు కాని నాణ్యతలో సగం అదే.

మనవాడి కంపెనీ కదా అని పని ఇవ్వడం గురించి సభ్యులు నన్ను అడుగుతుంటారు. ఇవ్వండి. బావమరిది అయినా, ఇంజినీరింగ్‌లో రూమ్‌మేట్ అయినా, పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగి ఇవ్వండి. అడగడానికి మొహమాటమైతే ఇవ్వకండి. అలా మొహమాటంతో ఇచ్చిన పని చెడి, ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళ మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్ళు మనకు తెలుసు. అలాగే, మనవాళ్ళకు ఇస్తే ఇక్కడి బోర్డులో ఏమనుకుంటారోనని వెనక్కి తగ్గడం కూడా సరికాదు. తెలుగు జట్టుతో తెలుగులో మాట్లాడి, సగం అర్థమైన విషయం పూర్తిగా అర్థమయ్యేలా చేయగలగడం మనకున్న నిజమైన బలం. దాన్ని వాడుకోండి.

చివరగా సమయం సంగతి. ఏ ఊరికి పంపినా, మీ వైపు నుంచి ఆ పని గురించి పూర్తిగా తెలిసిన మనిషి ఒకరు రోజూ కనీసం రెండు గంటలు ఆ జట్టుకు ఇవ్వాలి. ప్రశ్నలకు అదే రోజు జవాబు చెప్పాలి, రాసిన కోడ్ అప్పుడప్పుడు తెరిచి చదవాలి, ఏడాదికి ఒకసారైనా వెళ్ళి వాళ్ళ మధ్య ఒక వారం కూర్చుని రావాలి. అలాంటి మనిషి మీ దగ్గర లేకపోతే పని బయటికి పంపే ఆలోచన ఈ ఏడాదికి వాయిదా వేయండి. ముందు ఆ మనిషిని వెతుక్కోండి.